బూడిదమ్మ గొంతు

బస్టాండు వెనక లాడ్జి, మెట్ల పక్క గది
వానలు మొదలైన వారం

కోడలు పిల్లా,

ఫోను చేస్తే ఎత్తలేదని మూతి ముడుచుకున్నావట. మీ నాన్న చెప్పాడు. ఎత్తి ఏం చెయ్యమంటావు? గొంతు డాక్టరు నాకు మాటలు బందు చేశాడు. పనిలో తప్ప నోరు తెరవకూడదట. ఫోనులో టైపు చెయ్యమంటావా, నా బొటనవేలు ఒకేసారి మూడక్షరాల మీద పడుతుంది. అందుకని కాగితం తీశాను.

గొంతులోకి సన్నటి గొట్టం దింపి, లోపలున్నదంతా టీవీ మీద పెద్దది చేసి చూపించాడు. స్వరపేటిక మీద కాయలు కాశాయి, అరికాలి మీద కాసినట్టు. "ఈ ఏడాది దాటాక కూడా ఇలాగే అరిచారంటే, ఆ తర్వాత మంచినీళ్ళు కావాలన్నా చప్పట్లు కొట్టి పిలవాల్సిందే" అన్నాడు. మనిషి మంచివాడే. "ఇంతకీ మీరు చేసే పనేమిటి, టీచరా?" అని అడిగాడు. తల ఊపాను. తీగలతో అల్లిన ముసుగు వేసుకుని, ఉరుముల్లాంటి గిటార్ల మధ్య నిలబడి గర్జించే బూడిదమ్మని నేనేనని, ప్రతి ఆటలోనూ నన్ను స్తంభానికి కట్టి కాలుస్తారని, వేల మంది కేకలు పెడతారని సైగలతో ఎలా చెప్పను?

మా మేనేజరుకి సంగతి తెలిసింది. ముసుగు పిచ్చుకకి ఇచ్చెయ్యమంటున్నాడు. పిచ్చుకంటే వెనక కోరసులో అరిచే పిల్ల. చూస్తే గాలికి ఎగిరిపోయేలా ఉంటుంది, నోరు తెరిచిందంటే గోడలు అదురుతాయి. "లోపలెవరున్నారో ఎవడికి కనిపిస్తుంది?" అన్నాడు మేనేజరు. ఆ మాటకి వారం నుంచి నాకు నిద్ర సరిగ్గా లేదు.

మోకాలు మామూలే. వానకి ఇంకొంచెం బిగిసింది.

మీ మేనత్త


మేడ మీద గది, కిటికీకి ఎదురుగా పక్కింటి గోడ
ఉత్తరం అందిన మర్నాడు, ఆఫీసు నుంచి రాగానే

నోరు లేని అత్తా,

నీ ఉత్తరం నాన్నకి చదివి వినిపించాను. "చిన్నప్పటి నుంచీ నావల్ల కాని పని ఆ డాక్టరు ఒక్క చీటీతో చేసేశాడు" అని నవ్వాడు. నవ్వు ఆగాక లేచి వెళ్ళి, నీళ్ళు కారని కుళాయిని పానాతో బిగిస్తూ కూర్చున్నాడు. ఆయనకి బాధేస్తే ఏదో ఒకటి బిగించాలి. ఇంట్లో ఇప్పుడు తెరుచుకోని కుళాయిలు రెండున్నాయి.

నువ్వు కాగితం తియ్యడమే నాకు హాయి. పగలంతా ఫోనేగా నా బతుకు. బట్టలుతికే మెషిన్లు, ఫ్రిజ్‌లు చెడిపోయిన వాళ్ళ కోపమంతా నా చెవిలోనే పడాలి. హెడ్‌ఫోన్ స్పాంజీ నల్లగా రాలి నా జుట్టులో పడుతుంది. మా టీం లీడరు వెనకే తిరుగుతూ, "నవ్వుతూ మాట్లాడు, నవ్వితే వాళ్ళకి తెలుస్తుంది" అంటాడు. చదివిన డిగ్రీకి, ఈ నవ్వుకి ఏం సంబంధమో నాకింతవరకూ అర్థం కాలేదు. ఇది మూడో ఉద్యోగం. మూడూ ఒకే కుర్చీలా ఉన్నాయి.

ఒక్కటి మాత్రం పట్టుబడింది. గొంతు వింటే చాలు, మనిషి తెలిసిపోతుంది. హలో అనకముందు పీల్చే ఊపిరిని బట్టే చెప్పేస్తాను, వీడు తిడతాడా, ఈవిడ ఏడుస్తుందా అని. మా వరసలో అందరూ నన్ను పరీక్షించి ఓడిపోయారు.

అందుకే చెబుతున్నా, విను. మానెయ్యి. ముసుగు ఆ పిచ్చుక మొహాన పడేసి ఇంటికొచ్చెయ్యి. ఇన్నాళ్ళూ కాలింది చాలదా? నా పక్క గది ఖాళీగానే ఉంది. ఉన్న ఒక్క అత్తతో చప్పట్లు కొడుతూ మాట్లాడే ఓపిక నాకు లేదు.

ఇంతా రాసి ఒక సంగతి ఒప్పుకోకపోతే బాగుండదు. నీ ఆట నేను ఒక్కసారి కూడా చూడలేదు. చిన్నప్పుడు జడుసుకుంటానని నాన్న పంపలేదు. పెద్దయ్యాక నువ్వొక ఊళ్ళో, నేనొక కుర్చీలో. వీడియోల్లో చూశాను గానీ, అందులో నువ్వు అగ్గిపుల్లంత.

నీ కోడలు


లాడ్జి అదే, గది మారింది, ఇక్కడ ఫ్యాను తిరుగుతుంది
వాన వెలిసిన ఆదివారం

కోడలా,

మీ ఊరు వస్తున్నాం. వచ్చే శనివారం సాయంత్రం, పాత గోదాములో ఆట. రావే. టికెట్టు దీంతోనే పెట్టాను.

మానెయ్యమని తేలిగ్గా రాసేశావు. నీ మాట తప్పు కాదు. ప్రతి ఆట ముందూ నాకూ అలాగే అనిపిస్తుంది. ముసుగు తలకెత్తుకునేటప్పుడు మెడ వద్దంటుంది. లోపల కళ్ళజోడు పట్టదు, నేల మీద అంటించిన మెరిసే టేపు చూసుకుంటూ నడవాలి. స్ట్రాతో నీళ్ళు తాగాలి. చెంపకి అంటించిన మైకు చెమటకి జారుతుంది. ఇదంతా ఎందుకే ఈ వయసులో అనుకుంటాను. తెర జారుతుంది. జనం "అమ్మా" అని అరుస్తారు. అంతే, నాకు మోకాలూ ఉండదు, మెడా ఉండదు.

నేను మానితే బూడిదమ్మ చచ్చిపోతుందని నా అనుమానం. ముసుగు ఎవరైనా వేసుకోవచ్చు, బూడిదమ్మ ఎవరైనా కాగలరా అని. మేనేజరు కాగలరంటాడు. ఇద్దరం తెగ వాదించుకున్నాం, అంటే ఆయన అరిచాడు, నేను పలక మీద రాశాను.

కాబట్టి నువ్వు చూడు. నీకు గొంతులు తెలుసు, నేను తెలుసు. చూసి, ఉన్నది ఉన్నట్టు రాయి. మెహర్బానీ వద్దు. ఆ ముసలిదానిలో ఇంకా పస ఉందా, లేదా? నీ ఉత్తరం వచ్చాకే మేనేజరుకి జవాబు చెబుతాను, ఉంటానో, దిగిపోతానో.

ఒక్క మాట. ఆట అయ్యాక వెనక్కి రావద్దు. అప్పుడు నన్ను చూస్తే నీకు మాట్లాడాలనిపిస్తుంది, నాకు బదులు చెప్పాలనిపిస్తుంది. డాక్టరు ఊరుకోడు.

చెవుల్లో పెట్టుకోవడానికి ఏదైనా తెచ్చుకో.

అత్త


మేడ మీద గది
ఆదివారం పొద్దున, చెవుల్లో ఇంకా హోరు

అత్తా, అత్తా,

రాత్రే రాద్దామనుకున్నాను, కుదరలేదు. ఇప్పుడు వరసగా చెబుతాను, విను.

ఆఫీసు నుంచి తిన్నగా వచ్చాను, మెడలో ఐడీ కార్డు తియ్యడం కూడా మరిచిపోయాను. గోదాము బయట అందరూ నల్ల చొక్కాల్లో, నేనొక్కదాన్నే లేత గులాబీ రంగులో, పంటి క్లినిక్కులో రిసెప్షనిస్టులా. తలుపు దగ్గర ఒకామె గిన్నెలో బూడిదరంగు పొడి పట్టుకుని నిలబడింది. వచ్చిన ప్రతివాళ్ళనీ అడుగుతోంది, "నుదుటికా, బుగ్గకా?" అని. నాకేం తెలుసు? బుగ్గకన్నాను. "మొదటిసారా?" అంది నవ్వుతూ. బుగ్గకి అడిగేవాళ్ళంతా మొదటిసారి వాళ్ళేనట.

లోపల ఇనుము, చెమట, తడి బూట్ల వాసన. నా పక్కన ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో రెండు పెన్నులు పెట్టుకున్న పెద్దమనిషి. దారి తప్పి వచ్చాడేమో అనుకున్నాను. దీపాలు ఆరగానే ఆ పెద్దమనిషి అరిచిన అరుపుకి నా పన్ను కదిలింది.

తరవాత డ్రమ్ము. దాన్ని చెవితో వినలేదు అత్తా, పక్కటెముకలతో విన్నాను. తెర జారింది. మెట్ల పైన నువ్వు. జుట్టులోంచి అడుగడుగుకీ బూడిద రాలుతోంది. ముసుగులో కళ్ళుండాల్సిన చోట రెండు నల్లటి గుంటలు. ఒక్క క్షణం నిజంగానే అనుమానం వచ్చింది, ఇది నువ్వేనా అని. అప్పుడు నువ్వు మెట్టు దిగావు. ఎడమ కాలు ముందు పెట్టి, పాదం కాస్త పక్కకి తిప్పి, ఆగి, కుడి కాలు దాని పక్కకి తెచ్చుకుని. మనింటి మెట్లు నువ్వలాగే దిగుతావు. కొంగు పట్టుకుని నీ వెనక దిగినదాన్ని, ఆ కాలు నాకు తెలియదా? మా అత్తే, మా అత్తే అని పక్కనున్న పెద్దమనిషి చెయ్యి గిల్లేశాను. ఆ హోరులో ఆయనకి వినపడలేదు, పాపం, దండం పెట్టాడు.

ఇక ఆ గొంతు. దాని గురించి ఎలా రాయాలో తెలియడం లేదు. గొంతులోంచి కాదు, గచ్చు కిందనుంచి వచ్చింది. మాట ఒక్కటీ అర్థం కాలేదు, అయినా ఏదో నన్నే తిడుతున్నట్టు, నా తరఫునే తిడుతున్నట్టు. రోజంతా నేను మింగిందంతా ఎవరో బయటికి కక్కుతున్నట్టు.

ఊరివాళ్ళ వేషంలో ముసుగులు వేసుకున్న వాళ్ళు నిన్ను స్తంభానికి కట్టేటప్పుడు ఇస్త్రీ చొక్కాయన "వద్దురా, వదిలెయ్యండ్రా!" అని ఏడ్చాడు. ఆయన నుదుటికి పూయించుకున్న మనిషి, అంటే ఎన్నిసార్లు చూశాడో. ఆ మంటలు పట్టుగుడ్డలూ ఫ్యాన్లూ అని నువ్వు చెప్పే ఉన్నావు. అయినా కాలింది. నువ్వు పొగలో కిందికి దిగిపోయావు. అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నేల అడుగునించి మళ్ళీ నీ గొంతు, సన్నగా మొదలై. లేచావు.

నేను ఏడ్చాను. ఎందుకో అడక్కు.

ఇదీ నా తీర్పు: మానొద్దు. మొన్న మానెయ్యమని రాసింది ఇంకెవరో అనుకో. పస ఉందా అని అడుగుతావా? ఆ నడక, ఆ గొంతు ఇంకొకరికి రావు, రాలేవు. ముసుగు పిచ్చుకకి ఇస్తే మొదటి మెట్టు మీదే తెలిసిపోతుంది. డాక్టర్లు అలాగే అంటారు. ఇంకో డాక్టరుని చూద్దాం.

ఇంకో సంగతి, నాన్నతో అనకు. రాజీనామా రాశాను. ఇంకా ఇవ్వలేదు, సంచీలో ఉంది. ఎటు వెళ్తానో తెలియదు. కానీ నువ్వలా మెట్లు దిగుతూ ఉన్నంతకాలం, ఒక మనిషి ఒక కుర్చీలోంచి లేచి ఇంకేదో అవ్వచ్చని నాకు ధైర్యంగా ఉంటుంది.

బుగ్గ ఇంకా కడుక్కోలేదు.

నీ కోడలు


ఇంకో ఊరు, ఇంకో లాడ్జి, కిటికీ కింద మెకానిక్కు షెడ్డు
చాలా రోజుల తర్వాత

కోడలా,

నీ ఉత్తరం వ్యానులో చదివాను. జవాబు రాయడానికి ఇన్ని రోజులు పట్టింది. ముందే చెప్పేస్తాను, తిప్పితే నాకే అలసట.

నువ్వు చూసింది నన్ను కాదు.

శనివారం ముసుగులో ఉన్నది పిచ్చుక. నేను స్టేజీ కింద ఉన్నాను. మంటల్లోంచి కిందికి దిగే బల్ల ఉంటుందే, చిన్న లిఫ్టులాంటిది, దాని మీట దగ్గర స్టూలు మీద కూర్చుని, మోకాలికి ఐసు పెట్టుకుని. నువ్వు ఏడ్చేటప్పుడు నీ కాళ్ళ కింద ఎక్కడో ఉన్నానన్నమాట.

మేనేజరు "ఎవడికి కనిపిస్తుంది" అన్నప్పుడు పలక మీద "నా కోడలికి" అని రాశాను. అలా మొదలైంది. నువ్వు కనిపెడితే నేను ముసుగులోనే ఉండాలి, ఇంకో డాక్టరుని వెతకాలి, ఎన్నాళ్ళు నడిస్తే అన్నాళ్ళు. కనిపెట్టకపోతే దిగిపోవాలి. నీకు చెబితే పరీక్ష కాదుగా. చెప్పకపోతే మోసం. రెండిట్లో మోసాన్నే ఎంచుకున్నాను.

నీ తప్పేం లేదే. ఆ గర్జనలో ఎవరి గొంతూ వాళ్ళది కాదు, అందరిదీ నేల అడుగుదే. నిన్ను ముంచింది ఆ కాలు. నేను నేర్పలేదు, ఒట్టు. నా వెనక నడిచి నడిచి పిచ్చుకకి దానంతటదే పట్టుబడింది. నీ ఉత్తరం చదివాక పిలిచి పలక మీద రాశాను, "నీ మోకాళ్ళు నిక్షేపంలా ఉన్నాయి, మామూలుగా దిగవే" అని. పిచ్చుక వింతగా చూసింది. "అది బూడిదమ్మ నడక కదండీ, మీది కాదుగా" అంది. పలక తుడిచేశాను. స్టేజీ నేలలో ఉండే పాత ట్రాపు తలుపులోంచి, కింద వేసిన పరుపు తప్పి పడ్డ రోజు నుంచీ ఆ నొప్పి నాదనే అనుకుంటున్నాను.

నీ ఉత్తరం పిచ్చుకకి ఇచ్చేశాను. కోప్పడకు. అందులో ఉన్న మెచ్చుకోలంతా ఆ పిల్లది. చదువుకుంటూ ఎక్కెక్కి ఏడ్చింది, ముక్కు చీదుకుంది. చివరి భాగం, రాజీనామా సంగతి, చింపి నా దగ్గరే ఉంచుకున్నాను.

దాని గురించి కూడా ఒక మాట. నువ్వు ఆ కుర్చీలోంచి లేస్తావో, లేవవో నీ ఇష్టం. కానీ నన్ను చూసుకుని లేవకు. నేను ఇంట్లోంచి వచ్చింది ఏదో అవుదామని కాదు, మా తరగతిలో అందరికంటే పెద్దగా అరిచేదాన్ని, అరవడానికి చోటు దొరికింది, అంతే.

అత్త


మేడ మీద గది
జ్వరం తగ్గిన రోజు

అత్తా,

నీ ఉత్తరం చూసి మూడుసార్లు జవాబు రాసి, మూడుసార్లూ ఉండ చుట్టి గోడకేసి కొట్టాను. ఇది నాలుగోది. దీన్ని కొట్టే ఓపిక లేదు.

నా మీద పందెం కాశావు. నాకు చెప్పకుండా. నేను మురిసిపోతూ పేజీలు పేజీలు రాస్తే, అది తీసుకెళ్ళి దారిన పోయే పిచ్చుక చేతిలో పెట్టావు. "మా అత్తే, మా అత్తే" అని ఓ పెద్దమనిషి చెయ్యి గిల్లిన దాన్ని. నాకు ఎంత నామోషీగా ఉందో తెలుసా? ఎవరిని చూసి ఏడ్చానో కూడా తెలియకుండా ఏడ్చాను.

అంతకంటే మండే సంగతేంటంటే, ఇన్ని రోజులయినా ఆ ఆట తల్చుకుంటే ఇంకా ఒళ్ళు జలదరిస్తోంది. అది నువ్వు కాదని తెలిసినా తగ్గడం లేదు. తగ్గితే బాగుండేది, నిన్ను తిట్టడానికి వీలయ్యేది.

గొంతులు గుర్తుపడతానని కోతలు కోశాను కదా. జ్వరం రాకముందు ఒక ముసలాయన ఫోను చేశాడు, మెషిన్ మధ్యలో ఆగిపోతోందని. చాలా కొత్త గొంతు అనుకుని పేరూ వివరాలూ అన్నీ అడిగాను. "ఏమ్మా, మొన్న కూడా నువ్వే కదా మాట్లాడావు, నేను నీ గొంతు గుర్తుపట్టాను" అన్నాడు. నా మొహం చూడాల్సింది. అయినా నవ్వుతూనే మాట్లాడాను. నవ్వితే తెలుస్తుందిగా.

రాజీనామా ఇవ్వలేదు. నీ మాట విని కాదు. ఇవ్వాలంటే లేచి టీం లీడరు బల్ల దాకా నడవాలి, అంతే కారణం.

నాన్న నిన్ను వచ్చెయ్యమంటున్నాడు. "మాట్లాడకుండా వస్తే ఇంకా మంచిది" అన్నాడు. అని, నీ గది కిటికీ గడియ బిగించడానికి వెళ్ళాడు.

ఒక్కటే అడుగుతాను. నువ్వు దిగిపోయే ముందు ఒక్క ఆట, ఒక్కటంటే ఒక్కటి, ముసుగులో నిజంగా నువ్వుండగా నేను చూడాలి. నా సొంత అత్తని నేను ఒక్కసారీ చూడలేదన్న మాట. ఎక్కడికైనా వస్తాను. సెలవు ఇవ్వకపోతే అప్పుడు ఆ కాగితం ఇచ్చేస్తాను. రాయి, ఎప్పుడో, ఏ ఊరో.

కోడలు


అదే ఊరు, సామాను సర్దిన గది
గాలి చల్లబడింది

నా కోడలా,

కుదరదే. ఇచ్చేశాను.

నీ కోసం ఒక్కసారి వేసుకుందామని ముసుగు తీశాను కూడా. లోపల స్పాంజీ మార్చేశారు, పిచ్చుక తల చిన్నది. చెవుల దగ్గర ఇరుక్కుంది. పిచ్చుక గబగబా వచ్చి, "ఉండండి, పాతది వెతికి పెట్టిస్తాను" అని కంగారుపడింది. వద్దని చేత్తో చెప్పి తీసేశాను. డాక్టరు ఇప్పుడు గుసగుస కూడా వద్దన్నాడు.

నువ్వు అడిగింది ఇవ్వలేను గానీ, నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేనిది ఒకటి జరిగింది.

నిన్న సాయంత్రం ఇక్కడ ఆట. మొదటిసారి ముందు తలుపులోంచి వెళ్ళాను. ఇన్నేళ్ళలో ఈ ఆటని నేను ఎదుటినుంచి చూడలేదు తెలుసా? లోపలినుంచి టేపు ముక్కలు కనిపిస్తాయి, అంతే. గిన్నె ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, అడక్కుండానే బుగ్గకి పూసింది.

వెనకగా ఒక స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. పక్కన ఒకతను, గోళ్ళ నిండా గ్రీజు, అట్టముక్కలతో సొంతంగా చేసుకున్న ముసుగు తల మీదికి తోసుకుని ఉన్నాడు. నన్ను చూసి జాలిపడ్డాడు. "మీ అబ్బాయి తీసుకొచ్చాడామ్మా?" అన్నాడు. తల ఊపాను. "ఎక్కడికి పోయాడు వదిలేసి? వీళ్ళంతే. ఇదిగో, దూది పెట్టుకోండి, గట్టిగా అరుస్తుంది" అన్నాడు. పెట్టుకున్నాను.

అక్కడినుంచి కథంతా నాకు చెప్పుకొచ్చాడు. చెవి దగ్గర నోరు పెట్టి, దూది మీదనుంచే. "ఇది కోపం అనుకుంటారు చాలా మంది. కోపం కాదమ్మా. ఊళ్ళో వాళ్ళని పిలుస్తోంది. ఒక్కడూ పలకడు, అందుకని ఇంకా పెద్దగా పిలుస్తుంది" అన్నాడు. కోపమేనయ్యా, నేను కోపంగానే అరిచానని చెబుదామనుకున్నాను. నోరు లేదుగా. విన్నాను. అతను చెప్పిందే నిజమేమో అనిపించింది.

పిచ్చుక బాగా చేసింది. రెండోసారి పొగ వచ్చేటప్పుడు ఊపిరి ముందే పీల్చేస్తుంది, చెప్పాలి. పలక మీద రాయాలి. రాస్తానో, రాయనో.

తరవాత కట్టారు. కాల్చారు. పట్టుగుడ్డలని నాకు తెలుసు, ఏ ఫ్యాను ఏ మూలనుందో తెలుసు, కింద మీట ఎవరు నొక్కుతున్నారో కూడా తెలుసు. పొగ మూసుకుంది. మొత్తం హాలు నోరు మూసుకుంది. ఆ నిశ్శబ్దం అంత పొడుగుంటుందని నాకు ఎవరూ చెప్పలేదే. లోపల ఉంటే స్ట్రా అందుకుని రెండు గుక్కలు తాగేసరికి అయిపోయేది.

నా మొహం ఎలా ఉందో, అతను నా చెయ్యి పట్టుకున్నాడు. "భయపడకండమ్మా. లేస్తుంది. ఎప్పుడూ లేస్తుంది" అన్నాడు.

తల ఊపాను గానీ కోడలా, నిజంగానే భయం వేసింది. ఈసారి లేవదేమో అని.

అత్త